స్కూల్లో మానసిక ఆరోగ్య దినం జరిపారు, మా అమ్మాయికి కొత్త పేరొచ్చింది

కిటికీపక్కసీటు
మా అమ్మాయి ఎనిమిదో తరగతి. పోయిన వారం వాళ్ళ స్కూల్లో మానసిక ఆరోగ్యం మీద ఒక రోజు కార్యక్రమం పెట్టారు. పొద్దున్న అందరినీ ఎండలో నిలబెట్టి ప్రతిజ్ఞ చేయించారు. తర్వాత హాల్లో ఒకాయన మైకు పట్టుకుని గంటన్నర మాట్లాడాడు. మధ్యాహ్నం ఒక ఫారం ఇచ్చి నింపమన్నారు. ఈ మధ్య ఊరికే ఏడుపొస్తోందా, నిద్ర పడుతోందా, ఎందుకూ పనికిరానని అనిపిస్తోందా, ఇలాంటివి ఓ పాతిక ప్రశ్నలు. పైన పేరు, సెక్షన్, రోల్ నంబర్.

పిల్ల నిజాలు రాసింది. అదే తప్పయింది. ఫారాలు వెనక బెంచీ నుంచి ముందుకు ఒకరి చేతిలోంచి ఒకరికి వెళ్ళాయి. దారిలో ఇద్దరు చదివారు. సాయంత్రం బడి వదిలేసరికి దానికి "డిప్రెషన్" అని పేరు పడింది. ఇప్పుడు హాజరు పిలిచేటప్పుడు కూడా వెనక నుంచి ఎవరో ఆ మాట అంటున్నారట.

వారం దాటింది, స్కూలు నుంచి ఒక్క ఫోను లేదు. అంటే అది "అవును" అని టిక్కు పెట్టినవి పిల్లలు చదివారు గాని పెద్దవాళ్ళెవరూ చదవలేదన్నమాట.

వెళ్ళి గట్టిగా అడగాలని ఉంది. కానీ గొడవ చేస్తే వచ్చే ఏడాది మొత్తం కార్యక్రమమే ఎత్తేస్తారేమో, అది నాకు ఇష్టం లేదు. ఏం అడగమంటారు? మీ పిల్లల స్కూళ్ళలో నిజంగా పనికొచ్చింది ఏదైనా ఉందా?

చివరిబెంచి
మానసిక ఆరోగ్యం కోసం ఎండలో నిలబెట్టారా? శారీరక ఆరోగ్య దినం నాడు ఏం చేస్తారో మరి.

అనుమానాలరావు
ఇందుకే నాకు ఈ కార్యక్రమాలంటే నమ్మకం లేదు. పదమూడేళ్ళ పిల్లని కూర్చోబెట్టి "నువ్వు పనికిరావనిపిస్తోందా" అని అడిగితే, అంతవరకు అనిపించకపోయినా అప్పుడు అనిపిస్తుంది. మా రోజుల్లో ఈ ఫారాలు లేవు, ఈ మాటలు లేవు. అందరం బాగానే పెరిగాం.

పిచ్చుకగూడు
అందరూ బాగానే పెరిగారని మీకెలా తెలుసు? పెరగని వాళ్ళు ఇక్కడికి వచ్చి రాయరు కదా.

లెక్కలపంతులు
టీచరుగా రెండు మాటలు. మొదటిది, ఫారాలు చేతులు మార్చి పోగుచేయడం ఘోరమే, దాన్ని సమర్థించను. రెండోది, ఆ పని చేయించిన టీచరుకు ఏం చెప్పి ఉంటారో ఊహించగలను. "ఇదిగో ఫారాలు, ఈ పీరియడ్‌లో అయిపోవాలి, నాలుగింటికల్లా ఆఫీసులో ఇవ్వాలి." అంతే చెప్పి ఉంటారు. నాకు మూడు సెక్షన్లు, నూట నలభై మంది పిల్లలు. అందులో ఎవరికి ఇంట్లో బాగోలేదో, ఎవరు రాత్రంతా మేలుకున్నారో కనిపెట్టాలని ఉండదా? ఉంటుంది. సిలబస్సు తరుముతుంటే కనిపెట్టే తీరికే ఉండదు. తిలా పాపం తలా పిడికెడు. అంతా టీచరు నెత్తిన వేయకండి.

కిటికీపక్కసీటు
మాస్టారూ, టీచరు మీద నాకు కోపం లేదండి. ఆవిడ మంచిదే. కాకపోతే ఆ ఫారాలు ఇప్పుడు ఎక్కడున్నాయో ఆవిడకీ తెలియదు. అడిగితే "ఆఫీసులో ఇచ్చేశానండీ" అంది.

గది_నంబర్_మూడు
నేను ఒక స్కూల్లో కౌన్సెలర్‌ని, తొమ్మిదేళ్ళుగా. అమ్మాయి సంగతి ముందు, స్కూలు సంగతి తర్వాత.

పిల్ల టిక్కు పెట్టినవి మీరు చూశారా? చూడకపోతే మెల్లగా అడగండి, ఫారం గురించి కాదు, అందులో ఉన్నదాని గురించి. రెండు వారాలకు మించి దిగులుగా ఉండటం, ఇష్టమైన పనులు మానేయడం, నిద్ర, ఆకలి మారిపోవడం ఉంటే డాక్టరుకు చూపించండి. ఈ వయసులో దిగులు ఏడుపుగానే బయటపడాలని లేదు, చిరాకుగా కూడా కనిపిస్తుంది, ముఖ్యంగా మగపిల్లల్లో. "వీడికి పొగరెక్కింది" అని మనం కొట్టిపారేసేవాటిలో కొన్ని ఇవే. ఇంకొన్ని కడుపునొప్పి, తలనొప్పి పేరుతో వస్తాయి. సోమవారం పొద్దున్నే వస్తాయి, సెలవుల్లో రావు. అలాగని నొప్పి అబద్ధం కాదు.

అనుమానాలరావు గారూ, చచ్చిపోవాలనిపిస్తోందా అని అడిగితే లేని ఆలోచన పుడుతుందని చాలామంది భయపడతారు. పరిశోధనల్లో అలా ఏమీ తేలలేదు. అడిగినందుకు ఊపిరి పీల్చుకునే పిల్లలే ఎక్కువ. ఇక్కడ తప్పు అడగటంలో లేదు, అడిగి వదిలేయడంలో ఉంది. జవాబు చదివే మనిషి, చదివాక ఏం చేయాలో తెలిసిన మనిషి లేకుండా ఆ ఫారం ఇవ్వకూడదు.

అనుమానాలరావు
సరే, ఆ ఒక్క విషయం ఒప్పుకుంటా. కానీ ప్రతి చిన్నదాన్నీ జబ్బు చేయడం మాటేమిటి? పరీక్ష ముందు గుండె దడ వస్తే "నాకు యాంగ్జైటీ" అంటున్నారు. స్నేహితురాలు మాట్లాడకపోతే "ట్రామా" అట.

గణాంకాలపిచ్చి
రావు గారు వెటకారంగా అన్నా, ఈ ప్రశ్న పరిశోధకులు కూడా వేశారు. 2023లో లూసీ ఫౌక్స్, జాక్ ఆండ్రూస్ అనే ఇద్దరు ఒక వాదన పెట్టారు. అవగాహన ప్రచారం వల్ల నిజంగా బాధపడుతున్నవాళ్ళు బయటికి వస్తారు, అది మంచిదే. కానీ మామూలు బాధను కూడా కొందరు జబ్బుగా అనుకోవడం, అలా అనుకోవడం వల్లే అది ముదరడం కూడా జరగొచ్చు అని. ఇది వాళ్ళు పరీక్షించాలని ముందుకు తెచ్చిన ఊహ, రుజువైన సంగతి కాదు. అయినా కొట్టిపారేయదగ్గది మాత్రం కాదు.

ఇంకోటి. బ్రిటన్‌లో 'మిరియడ్' అని పెద్ద పరిశోధన జరిగింది. 85 స్కూళ్ళు, ఎనిమిది వేలకు పైగా పిల్లలు. సగం స్కూళ్ళలో టీచర్లకే శిక్షణ ఇచ్చి, క్లాసు మొత్తానికి ధ్యానం లాంటి మైండ్‌ఫుల్‌నెస్ పాఠాలు చెప్పించారు. 2022లో ఫలితాలు వచ్చాయి. మామూలుగా స్కూళ్ళు చెప్పే పాఠాల కంటే పిల్లలకు కొత్తగా ఒరిగిందేమీ లేదు. పైగా, ముందే ఇబ్బందుల్లో ఉన్న పిల్లల్లో కొన్ని విషయాల్లో కాస్త చేటే కనిపించింది.

చివరిబెంచి
కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నమాట.

అనుమానాలరావు
చూశారా. నేను చెబుతున్నదీ అదే. ఎత్తేయండి అన్నీ.

గణాంకాలపిచ్చి
ఆగండి సార్, పూర్తి కాలేదు. యూరప్‌లో పది దేశాల్లో 168 స్కూళ్ళలో, పదకొండు వేల మంది పిల్లలతో ఇంకో పరిశోధన చేశారు, 2015లో అచ్చయింది. అందులో మూడు పద్ధతులు పోల్చారు. ఒకటి టీచర్లకు శిక్షణ: పిల్లల్లో ప్రమాద సూచనలు గుర్తుపట్టడం. రెండోది ఫారాలు పెట్టి వడబోసి, అవసరమైనవాళ్ళని డాక్టర్ల దగ్గరికి పంపడం. మూడోది పిల్లలతోనే నేరుగా పని: నాలుగు వారాల్లో మొత్తం ఐదు గంటలు, అందులో మూడు గంటలు నాటకాల్లా పాత్రలు వేసుకుని మాట్లాడుకోవడం. నీ స్నేహితుడు ఇలా అంటే నువ్వేం చేస్తావు, ఇంట్లో ఇలా జరిగితే ఎవరికి చెబుతావు, ఇలాంటివి. ఏడాది తర్వాత చూస్తే, ఏ పద్ధతీ పెట్టని స్కూళ్ళతో పోలిస్తే ఈ మూడో రకం స్కూళ్ళలో కొత్తగా జరిగిన ఆత్మహత్యా ప్రయత్నాలు సగానికి సగం తక్కువ. మొదటి రెండింటికీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

ఆ మూడో దాని పేరు 'యామ్', యూత్ అవేర్ ఆఫ్ మెంటల్ హెల్త్. కాబట్టి అన్నీ పనికిరావనడానికి లేదు, అన్నీ పనికొస్తాయనడానికీ లేదు. మైకు పట్టుకుని గంటన్నర ఉపన్యాసం పని చేసినట్టు మాత్రం నేనెక్కడా చదవలేదు.

నిద్రచాలదు
నాకు పదిహేడు. ఇక్కడ అందరూ పెద్దవాళ్ళే మాట్లాడుతున్నారు కాబట్టి చెబుతున్నా.

మా స్కూల్లో కౌన్సెలర్ ఉన్నారు. ఆవిడ దగ్గరికి వెళ్ళాలంటే క్లాసు మధ్యలో లేచి పర్మిషన్ అడగాలి. "ఎక్కడికి?" అంటారు సార్. అరవై మంది ముందు చెప్పాలి. చెబితే క్లాసంతా "ఓఓఓ" అంటుంది. ఆ గది తలుపు సరిగ్గా స్టాఫ్‌రూమ్‌కి ఎదురుగా ఉంటుంది. బయటికి వచ్చేసరికి నలుగురు టీచర్లు కళ్ళజోళ్ళ పైనుంచి చూస్తారు. పైగా ఆవిడే క్రమశిక్షణ కమిటీలో కూడా ఉన్నారు. ఫోన్ తెచ్చి దొరికినవాడిని కూడా అదే గదికి పంపుతారు, ఏడుస్తున్న పిల్లని కూడా అదే గదికి పంపుతారు. "ఇంకోసారి ఇలా చేస్తే కౌన్సెలింగ్‌కి పంపిస్తా" అనేది మా దగ్గర బెదిరింపు.

రెండేళ్ళలో నేను ఒక్కసారి కూడా వెళ్ళలేదు. వెళ్ళాల్సిన అవసరం లేక కాదు.

చివరిబెంచి
మన వార్తల్లో "యువకులకు కౌన్సెలింగ్ ఇచ్చి పంపిన పోలీసులు" అని కదా రాస్తారు. పిల్లలు భయపడక ఏం చేస్తారు. ఇక సీటు కావాలన్నా కౌన్సెలింగే.

గది_నంబర్_మూడు
నిద్రచాలదు, నువ్వు రాసింది చదివి కాసేపు ఊరికే కూర్చున్నాను. నా గది కూడా మొదట్లో ఆఫీసు పక్కనే ఉండేది. మూడేళ్ళు అడిగితే లైబ్రరీ వెనక చిన్న గది ఇచ్చారు. లైబ్రరీకి వెళ్తున్నట్టు వెళ్ళొచ్చు, అటు నుంచి అటే రావొచ్చు. ఆ ఏడాది వచ్చిన పిల్లల సంఖ్య రెట్టింపు కంటే ఎక్కువైంది. నేను మారలేదు, తలుపు మారింది.

క్రమశిక్షణ పని కౌన్సెలర్‌కి ఇవ్వడం పెద్ద తప్పు. శిక్ష వేసే మనిషికి ఎవరూ గుట్టు చెప్పుకోరు. నేను మొదటిసారి వచ్చిన ప్రతి పిల్లకీ, పిల్లాడికీ కూర్చోగానే ఒకటి చెబుతాను: "నువ్వు చెప్పింది ఈ గది దాటదు, మూడు సందర్భాల్లో తప్ప. నీ ప్రాణానికి ముప్పు ఉంటే, నీ వల్ల వేరొకరికి ముప్పు ఉంటే, నిన్ను ఎవరైనా హింసిస్తుంటే. అప్పుడు కూడా ఎవరికి చెప్పబోతున్నానో ముందు నీకే చెబుతాను." ఇది విన్నాక కొందరు లేచి వెళ్ళిపోతారు. వెళ్ళినవాళ్ళలో చాలామంది మళ్ళీ వస్తారు.

లెక్కలపంతులు
ఇంతకీ మీ స్కూల్లో ఎంతమంది పిల్లలకు మీరు ఒక్కరు?

గది_నంబర్_మూడు
పద్దెనిమిది వందల మంది. అమెరికాలో స్కూలు కౌన్సెలర్ల సంఘం రెండు వందల యాభై మందికి ఒకరుండాలని చెబుతుంది. అక్కడా చాలా చోట్ల అది అందడం లేదనుకోండి.

చివరిబెంచి
పద్దెనిమిది వందలా! మీకు కౌన్సెలర్ ఉన్నారా మరి?

గది_నంబర్_మూడు
నవ్వులాటకి అన్నా మంచి ప్రశ్నే. ఉన్నారు. నెలకోసారి వెళ్తాను. ఇంట్లో మా అబ్బాయి మాత్రం నాతో ఏమీ చెప్పడు, వాళ్ళ బాబాయితో చెబుతాడు. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు ఉంది నా పని.

పిచ్చుకగూడు
మా వాడి కథ చెబుతాను, కాస్త పెద్దది.

తొమ్మిదో తరగతిలో ఉండగా మార్కులు పడిపోయాయి. ట్యూషన్ మార్చాం. తిట్టాం. ఫోన్ లాక్కున్నాం. వాళ్ళ నాన్న నాలుగు రోజులు మాట్లాడలేదు. ఇవన్నీ చేశాక తెలిసింది ఏమిటంటే, స్కూల్లో నలుగురు వాడిని ఏడాదిగా ఏడిపిస్తున్నారు. కొట్టడం కాదు. ఆటలో చేర్చుకోకపోవడం, వాడు మాట్లాడగానే అందరూ ఒకేసారి మౌనంగా అయిపోవడం, గ్రూపులోంచి తీసేసి మళ్ళీ చేర్చి మళ్ళీ తీసేయడం. వాడు మాకు చెప్పలేదు. చెబితే మేం స్కూలుకు వెళ్తాం, వెళ్తే ఇంకా ఎక్కువవుతుందని.

కనిపెట్టింది ఎవరో తెలుసా? స్కూలు బస్సులో ఉండే ఆయా. "మీ బాబు రోజూ ఇద్దరి సీట్లో ఒక్కడే కూర్చుంటాడమ్మా, పక్కన ఖాళీ ఉన్నా ఎవరూ కూర్చోరు" అంది. ఆవిడ ఏ శిక్షణా తీసుకోలేదు. చూసింది, అంతే.

తర్వాత వాడిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం, ఎనిమిది నెలలు పట్టింది. ఇప్పుడు బాగున్నాడు. కానీ ఆ నలుగురికి ఏమీ కాలేదు, స్కూలు వాళ్ళని "పిల్లలు కదా" అని వదిలేసింది. మా వాడే సెక్షన్ మారాడు. దెబ్బ తిన్నవాడే ఇల్లు ఖాళీ చేసినట్టు.

నల్లబల్ల
ముప్పై రెండేళ్ళు బడిలో పనిచేసి రిటైరయ్యాను, చివరి పదకొండేళ్ళు హెడ్మిస్ట్రెస్‌గా. పిచ్చుకగూడు గారి కథ చదివి సిగ్గేసింది. మేమూ "పిల్లలు కదా" అన్నవాళ్ళమే.

ఏడిపించేవాడిని, ఏడ్చేవాడిని పిలిచి చేయి కలపమనడం మా రోజుల్లో పద్ధతి. అది అస్సలు పనిచేయదు. తలుపు దాటగానే రెండింతలు పడుతుంది. ఫిన్లాండ్‌లో 'కివా' అని ఒక పద్ధతి ఉంది, తుర్కు విశ్వవిద్యాలయంలో తయారుచేశారు. అందులో దృష్టంతా చూస్తూ నిలబడే పిల్లల మీద. ఏడిపించేవాడికి కావలసింది ప్రేక్షకులు. వాళ్ళు నవ్వడం మానేస్తే వాడికి సరదా పోతుంది. దీని గురించి తెలిశాక మా బడిలో కూడా ఒక క్లాసులో అటువైపు నుంచి ప్రయత్నం చేశాను. ఏడుస్తున్న పిల్లాడి పక్కన కూర్చోమని ముగ్గురు పిల్లలతో విడివిడిగా మాట్లాడాను. మొదటి వారం ఒక్కడే కూర్చున్నాడు. మూడో వారానికి ఎవరు ఎవరి పక్కన కూర్చుంటున్నారో నేను చూడాల్సిన పనే లేకుండా పోయింది. ఇంకో క్లాసులో ఇదే చేస్తే ఏమీ జరగలేదు, అదీ చెప్పాలి.

కిటికీపక్కసీటు గారూ, మీ అమ్మాయికి పేరు పెట్టినవాళ్ళ వెంట పడకండి. నవ్వినవాళ్ళలో మనసొప్పక నవ్వినవాళ్ళు ఉంటారు. వాళ్ళెవరో అమ్మాయికి తెలిసే ఉంటుంది.

అనుమానాలరావు
బస్సు ఆయా విషయం బాగుంది. నేనన్నదీ అదే కదా, మనిషి ఉంటే చాలు, ప్రోగ్రాములు ఎందుకు?

పిచ్చుకగూడు
ఆవిడ చెప్పే సమయానికి ఏడాది అయిపోయిందండీ. అదృష్టం మీద ఆధారపడకూడదనే కదా స్కూల్లో ఒక పద్ధతి ఉండాలనేది.

గణాంకాలపిచ్చి
పద్ధతి ఎవరి చేతిలో ఉందనేది కూడా ముఖ్యమే. బీహార్‌లో 'సెహర్' అని ఒక కార్యక్రమం తొమ్మిదో తరగతి పిల్లల మీద పరీక్షించారు, ఫలితాలు 2018లో వచ్చాయి. ఒకే కార్యక్రమాన్ని కొన్ని స్కూళ్ళలో టీచర్లతో, ఇంకొన్నింట్లో ఆ పని కోసమే శిక్షణ ఇచ్చిన మామూలు మనుషులతో నడిపించారు. వాళ్ళు డాక్టర్లూ కాదు, సైకాలజిస్టులూ కాదు. వాళ్ళు నడిపిన చోట స్కూలు వాతావరణం మెరుగైంది, ఏడిపించడం తగ్గింది, దిగులు లక్షణాలు తగ్గాయి. టీచర్లు నడిపిన చోట చెప్పుకోదగ్గ మార్పు లేదు.

లెక్కలపంతులు
అదిగో. నేను మొదట్నించీ మొత్తుకుంటున్నది ఇదే. మేం చెడ్డవాళ్ళం కాదు, మాకు ఖాళీ లేదు. పైగా మార్కులు వేసే చేత్తోనే కన్నీళ్ళు తుడవమంటే పిల్లలు కూడా నమ్మరు.

ఆ కార్యక్రమంలో ఇంకేం ఉండేవి?

గణాంకాలపిచ్చి
గోడపత్రిక, పిల్లలూ పెద్దలూ కలిసి కూర్చునే ఒక కమిటీ, కావలసినవాళ్ళకి విడిగా కౌన్సెలింగ్. నాకు బాగా నచ్చింది ఉత్తరాల పెట్టె. పిల్లలు తమ కష్టం, ఫిర్యాదు రాసి అందులో వేయొచ్చు. పేరు రాస్తే రాయొచ్చు, లేకపోతే లేదు.

చివరిబెంచి
మా స్కూల్లో సలహాల పెట్టె ఉండేది. తాళంచెవి పోయిందని నాలుగేళ్ళు తెరవలేదు. నేను పారేసిన చాక్లెట్ కాగితాలు ఇంకా అందులోనే ఉండి ఉంటాయి.

నిద్రచాలదు
పెట్టె అయితే నేను వేసేవాడినేమో.

ఇంకోటి ఎవరూ అనలేదు. మాకు పొద్దున ఏడింటికి స్పెషల్ క్లాసు, రాత్రి తొమ్మిది దాకా స్టడీ. పడుకునేసరికి పన్నెండు. "టెన్షన్ తగ్గించుకోవడం ఎలా" అని మాకు ఏడింటి క్లాసులోనే చెప్పారు. సగం మంది నిద్రపోయారు. నిజానికి ఆ రోజు మాకు మేలు జరిగింది అందుకే.

గది_నంబర్_మూడు
నీ పేరు ఊరికే పెట్టుకోలేదన్నమాట. నిజంగా పెద్ద విషయం చెప్పావు. ఈ వయసులో ఒంట్లో నిద్ర గడియారమే వెనక్కి జరుగుతుంది, రాత్రి పదింటికి పడుకోమన్నా నిద్ర రాదు. అది బద్ధకం కాదు. ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలి. అమెరికాలో పిల్లల డాక్టర్ల సంఘం 2014లోనే పెద్ద తరగతులు ఎనిమిదిన్నరకు ముందు మొదలుపెట్టొద్దని చెప్పింది. సియాటిల్‌లో 2016లో బడి మొదలయ్యే వేళను దాదాపు గంట ఆలస్యం చేస్తే పిల్లలు అదనంగా ముప్పై నాలుగు నిమిషాలు నిద్రపోయారు. ఆలస్యంగా మొదలైతే ఇంకా ఆలస్యంగా పడుకుంటారని అందరూ అన్నారు, అలా జరగలేదు.

అనుమానాలరావు
నిద్ర మీద నాకు పేచీ లేదు. పిల్లల్ని పడుకోనివ్వండి. ఇది ఖర్చు లేని పని కూడా.

లెక్కలపంతులు
ఖర్చు లేదు గాని, ఏడింటి క్లాసు తీసేస్తామంటే ముందు ఫోన్ చేసేది తల్లిదండ్రులే. "పక్క స్కూల్లో ఆరున్నరకే పెడుతున్నారు" అని. ఒకసారి మా ప్రిన్సిపల్ తీసేశారు. నెల తిరక్కుండా మళ్ళీ పెట్టించారు.

కిటికీపక్కసీటు
ఆ ఫోన్ చేసినవాళ్ళలో నాలాంటిదాన్నీ ఒకదాన్ని వేసుకోండి మాస్టారూ. పోయినేడు ఆదివారం క్లాసులు లేవేంటని అడిగింది నేనే.

మోడరేటర్
ఒక సభ్యుడు మందుల పేర్లు, మోతాదులు రాసిన పోస్టు తీసేశాం. ఎవరి పిల్లలకు ఏ మందు వాడారో ఇక్కడ రాయొద్దు, అది డాక్టరు పని. ఎవరికైనా ప్రాణం తీసుకోవాలనే ఆలోచనలు ఉంటే ఈ చర్చలో జవాబు కోసం ఎదురుచూడొద్దు, దగ్గరున్న మనిషికి చెప్పండి, మీ దగ్గర పనిచేసే హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయండి. చర్చ కొనసాగించండి.

అనుమానాలరావు
నిన్న రాత్రంతా ఈ చర్చే తిరిగింది బుర్రలో. పిచ్చుకగూడు గారు మొదట్లో ఒక మాటన్నారు, పెరగనివాళ్ళు వచ్చి రాయరని. మా తరగతిలో ఒకడుండేవాడు. బాగా బొమ్మలు వేసేవాడు. పదో తరగతి మధ్యలో బడికి రావడం మానేశాడు. ఎందుకు మానేశాడో మాలో ఎవరమూ అడగలేదు, మాస్టర్లూ అడగలేదు. హాజరు పట్టీలో పేరు కొట్టేశారు, అంతే. నలభై ఏళ్ళ తర్వాత ఇప్పుడు గుర్తొస్తున్నాడు. "అందరం" అన్నప్పుడు వాడిని లెక్కలో వేసుకోలేదు నేను.

ఫారాల మీద నా అభిప్రాయం మాత్రం మారలేదు.

పిచ్చుకగూడు
ఫర్వాలేదు, ఉండనివ్వండి. మీ అభిప్రాయం వల్లే గణాంకాల గారు ఇంత సమాచారం బయటికి తీశారు.

నల్లబల్ల
కిటికీపక్కసీటు గారూ, స్కూలుకు వెళ్ళేటప్పుడు చిట్టా పట్టుకెళ్ళకండి. పదిహేను కోరికలు అడిగితే హెడ్మాస్టరు "చూద్దాం" అంటారు, నేనూ అలాగే అనేదాన్ని. ఒకటో రెండో అడగండి, కుదరదు అనడానికి వీల్లేనివి. ఫారాలు ఎక్కడున్నాయి, ఎవరు చదువుతారు, ఎప్పటికల్లా? ఇది మొదటిది. పిల్ల ఎవరికీ తెలియకుండా ఒక పెద్దమనిషితో మాట్లాడాలంటే ఏ దారిన వెళ్ళాలి? ఇది రెండోది. దీనికి వాళ్ళ దగ్గర జవాబు ఉండదు. ఉండదని వాళ్ళకు అప్పుడే తెలుస్తుంది.

పేరెంట్స్ మీటింగ్‌లో అడగొద్దు. విడిగా సమయం తీసుకుని వెళ్ళండి. అమ్మాయి పేరు ఇంకో యాభై మంది చెవిన పడాల్సిన పనిలేదు.

చివరిబెంచి
అమ్మాయికి నా తరఫున ఒక మాట చెప్పండి. వాతావరణ వార్తల్లో డిప్రెషన్ అంటే వాయుగుండం. వాయుగుండం వస్తోందంటే పడవలవాళ్ళు ఒడ్డు కదలరు. మామూలు పేరేం కాదది.

కిటికీపక్కసీటు
పన్నెండు రోజుల తర్వాత వస్తున్నాను. కొందరు మెసేజ్ పెట్టి అడిగారు.

వెళ్ళాను. నల్లబల్ల గారు చెప్పినట్టు రెండే అడిగాను. ఫారాలు ఆఫీసులో బీరువా పైన, ఒక అట్టపెట్టెలో ఉన్నాయి. దానికి మూత కూడా లేదు. ప్రిన్సిపల్ గారికి నిజంగానే ముఖం పాలిపోయింది. అక్కడికక్కడే లోపల పెట్టి తాళం వేయించారు. బయటి నుంచి ఒక సైకాలజిస్టును పిలిపించి వారంలో చదివించారు. అవసరమైన పిల్లల ఇళ్ళకు ఫోన్లు వెళ్ళాయట. ఎంతమందికని అడిగితే చెప్పలేదు. చెప్పకపోవడమే నాకు నచ్చింది.

రెండో ప్రశ్నకు జవాబు రాలేదు. "ఆలోచిస్తాం" అన్నారు. ఉత్తరాల పెట్టె సంగతి చెప్పాను, ఆవిడ రాసుకున్నారు. తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలో కూడా ఇప్పుడే తేల్చండి అన్నాను (చివరిబెంచి గారి పుణ్యం).

అమ్మాయిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. రెండుసార్లు అయింది. లోపల ఏం మాట్లాడుకుంటున్నారో నేను అడగడం లేదు. అడగాలని నాలుక దురద పెడుతుంది గాని ఆపుకుంటున్నా. రాత్రి పదింటికి పుస్తకాలు మూసేయిస్తున్నాం. అది నిద్రపోవడానికి పదకొండున్నర అవుతోంది, ఆ గంటన్నర ఊరికే కబుర్లు చెబుతుంది. ఫారం గురించి కాదు, ఎవరి జడ ఎలా ఉంది, ఏ టీచరు చెప్పులు కిర్రుమంటాయి, అలాంటివి.

వాయుగుండం మాట చెప్పాను. మొదట నవ్వలేదు. రెండు రోజుల తర్వాత హాజరు వేళ వెనక నుంచి "డిప్రెషన్" అని వినిపిస్తే వెనక్కి తిరిగి "తీరం దాటే దాకా పడవలు బయటికి తీయొద్దు" అందిట. వాడికి అర్థం కాలేదు. పక్క బెంచీలో ఒకమ్మాయి మాత్రం పకపకా నవ్విందిట. ఇప్పుడు ఆ అమ్మాయి పక్కన కూర్చుంటోంది.

చివరిబెంచి
నా జీవితంలో ఒక్క జోకు పనికొచ్చింది. ఈ పోస్టు అచ్చు వేయించి గోడకు తగిలించుకుంటా.

నిద్రచాలదు
ఆంటీ, ఆ పెట్టె ఎక్కడ పెడతారో కూడా అడగండి. స్టాఫ్‌రూమ్ ఎదురుగా పెడితే ఎవరూ వేయరు.

కిటికీపక్కసీటు
అయ్యో, అది అడగనేలేదు. రేపు ఫోన్ చేస్తా.

లెక్కలపంతులు
నీళ్ళ కుళాయి దగ్గర పెట్టమనండి. అక్కడ ఎవరు ఎంతసేపు నిలబడినా ఎవరూ ఎందుకని అడగరు.